మీటరుకి కనపడని నీలం

లైటింగ్ పనికి గల్ఫ్ వెళ్ళబోయే పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోను చేస్తుంటారు. "అంకుల్, దుబాయ్‌లో ముప్ఫై ఏళ్ళు చేశారంట కదా, కాస్త చెప్పండి" అంటారు. నేను చేసింది అబుదాబీలో. మనవాళ్ళకి గల్ఫంతా దుబాయే. సరిదిద్దడం మానేసి చాలా కాలమైంది.

వాళ్ళు అడిగేవి ఏ కోర్సు చెయ్యాలి, ఏ కంపెనీ మంచిది, ఎండలు తట్టుకోగలమా, ఇవే. వాటికి జవాబులు ఎవరైనా చెబుతారు. నేను చెప్పాల్సింది వేరే ఒకటుంది, అది ఫోన్లో చెప్పబోతే మాట మార్చేస్తాను. అందుకని ఇలా రాసి పెడుతున్నాను. ఇందులో నేనేమీ గొప్పగా కనపడను. మధ్యలో విసుగొచ్చి పక్కన పడేసినా నాకేం బాధ లేదు. ఈ వయసులో బాధపడే ఓపిక కూడా తగ్గిపోయిందండీ.

నా పేరు వీర్రాజు. కాకినాడలో ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి, అక్కడికి వెళ్ళి, లైటింగ్ సూపర్‌వైజరుగా రిటైరయ్యాను. మధ్యలో ఎప్పుడు ఏ మెట్టెక్కానో చెప్పను. అదెవరికీ పనికిరాదు.

మీటరు

నా మొదటి బాసు ఈజిప్టు ఇంజనీరు. మనసు మంచిదే గానీ కోపం వస్తే మనిషి కాదు. సైటులో అడుగుపెట్టిన మొదటి వారంలోనే నా చేతిలో ఒక చిన్న పెట్టె పెట్టాడు. సెల్‌ఫోనంత ఉంటుంది, పైన తెల్లటి బుడిపె. నేల మీద పెడితే అక్కడ వెలుతురు ఎంత పడుతోందో అంకె చూపిస్తుంది. లక్స్ మీటరంటారు.

"కన్ను అబద్ధం చెబుతుంది రాజూ. మీటరు చెప్పదు. పని తనిఖీ చేసే కన్సల్టెంటుతో ఎప్పుడూ కంటితో మాట్లాడకు, మీటరుతో మాట్లాడు" అన్నాడు.

ఆ మాట పట్టుకునే బతికాను. మాల్స్, కారు పార్కింగులు, ఆసుపత్రి వరండాలు, ఎన్నిటికి లైట్లు పెట్టానో నాకే లెక్క లేదు. అంకె వచ్చిందా, కన్సల్టెంటు సంతకం పెట్టాడా, ఖలాస్. పదండి ఇంకో సైటుకి. వెలుతురు ఎంత ఉందని అడిగినవాళ్ళే తప్ప ఎలా ఉందని నన్ను అడిగినవాళ్ళు లేరు. నేనూ ఎవర్నీ అడగలేదు. ఆ ఇంజనీరు చెప్పింది తప్పని అనను. మాల్ పనికి అది చాలు. నా ఖర్మ కొద్దీ చివరి రోజుల్లో మాల్ కాని పని ఒకటి నెత్తిన పడింది.

నర్సయ్య

దానికంటే ముందు నర్సయ్య గురించి చెప్పాలి.

జగిత్యాల దగ్గర పల్లెటూరు. నలభై దాటిన మనిషి. మా కంపెనీలో పదకొండేళ్ళ నుంచి హెల్పరు, చివరి నాలుగేళ్ళు నా కింద. అబుదాబీ శివార్లలోని బనియాస్‌లో ఎనిమిది మంది ఒక రూములో ఉండేవారు. పొద్దున్నే పికప్‌లో దిగేవాడు, చేతిలో స్టీలు టిఫిను, మెడలో తువ్వాలు. తక్కువ మాట్లాడేవాడు. మాట్లాడితే సగం తెలుగు, సగం హిందీ, మధ్యలో ఒక అరబ్బీ ముక్క.

చెప్పొద్దూ, మా టెక్నీషియన్లలో సగంమందికి నర్సయ్యకి తెలిసినంత పని తెలీదు. కానీ కార్డు మీద హెల్పరని ఉంటే హెల్పరే. హెల్పరు మోస్తాడు, నిచ్చెన పట్టుకుంటాడు, ఊడ్చి శుభ్రం చేస్తాడు. వైరు కలిపేది టెక్నీషియను. హెల్పరు టెక్నీషియను కావాలంటే సూపర్‌వైజరు ఒక పని మొత్తం దగ్గరుండి చూసి, వీడికి వచ్చు అని రాసివ్వాలి. అప్పుడు కంపెనీవాళ్ళు పరీక్ష పెడతారు. నర్సయ్య విషయంలో నాకంటే ముందువాళ్ళెవరూ రాయలేదు, నేనూ రాయలేదు. బద్ధకం, అంతే.

ఒకసారి టీ తాగుతూ అన్నాడు: "సార్, మా ఇంటిదానికి ఫోన్ చేస్తె అడుగుతది, ఇంక హెల్పరేనా అని. పదకొండేండ్ల సంది అదే జవాబు చెప్తున్న. ఒక్కపాలి టెక్నీషియన్నైన అని చెప్పాలె సార్. గంతే."

"ఈసారి వచ్చే పనికి నీ పేరు రాస్తాన్లే నర్సయ్యా" అన్నాను. మాటిచ్చాను. నిజంగానే రాద్దామనుకున్నాను.

నర్సయ్యలో నాకు విసుగు పుట్టించే అలవాటు ఒకటుండేది. నా దగ్గరికి వచ్చే నీలం వైర్లన్నిటికీ కొసన తెల్ల టేపు రెండు చుట్లు చుట్టి ఇచ్చేవాడు. అక్కడ నీలం ఫేజు, అంటే కరెంటొచ్చే వైరు, నలుపు న్యూట్రల్. రెండూ తారుమారైతే ప్రాణాల మీదికొస్తుంది. "రంగు కనపడుతుంటే మళ్ళీ టేపెందుకయ్యా? టేపు నీ మామగారు పంపిస్తున్నాడా?" అని ఎన్నిసార్లు కసిరానో. నవ్వేసి మళ్ళీ చుట్టేవాడు.

హాలండ్ ఆవిడ

కరోనా తగ్గి పనులు మళ్ళీ మొదలైన రోజులవి. ముదీర్ నన్ను పిలిచాడు. అంటే మా మేనేజరు, లెబనాన్ మనిషి. ఒక ఆర్టు భవనంలో గది కట్టాలి, హాలండ్ నుంచి ఆర్టిస్టు వస్తోంది, లైట్లన్నీ నువ్వే చూసుకో అన్నాడు.

ఆవిడ పేరు మరైకె. యాభై దాటి ఉంటాయి, తాటిచెట్టంత పొడుగు, రోజూ అదే బూడిదరంగు కోటు. బొమ్మలేవీ గీయదు. వెలుతురుతోనే పని. గుడ్డులాగా మూలలు లేని గది కట్టించింది. గోడలు, కప్పు అంతా తెలుపు, ఎక్కడా ఒక్క బల్బు కనపడకూడదు. లోపల కూర్చుంటే గోడ ఎంత దూరంలో ఉందో తెలీదు. ఆ గదిలో వెలుతురు ఇరవై నిమిషాల్లో తెలుపు నుంచి పసుపులోకి జరుగుతుంది, ఎంత నిదానంగానంటే లోపలున్నవాళ్ళకి ఏమీ మారినట్టే ఉండదు. తీరా లేచి బయటికి రాగానే మామూలు తెల్ల వరండా నీలంగా కనిపిస్తుంది.

"కన్ను అలవాటు పడిపోతుంది రాజూ. అలవాటు పడ్డ సంగతి మనకి చెప్పదు. ఈ గది ఉన్నది అది తెలియడానికే" అంది.

ఇదేం పనిరా బాబూ అనుకున్నాను. ఇంత డబ్బు పోసి కట్టి, కన్ను మోసపోతుందని చెప్పడమా?

చిన్న నమూనా గది తయారయ్యాక అందర్నీ ఒక్కొక్కళ్ళనీ లోపల కూర్చోబెట్టి, ఏం కనపడిందని అడిగింది. బెంగాలీ పెయింటరు "పెయింట్ బహుత్ అచ్ఛా హై మేడమ్" అన్నాడు. ముదీర్ ఫోను చూసుకుంటూ "గ్రేట్, గ్రేట్" అన్నాడు. నర్సయ్య చాలాసేపు కూర్చుని వచ్చి, "మొగులు పట్టినప్పుడు పొలంల ఒక్కన్నే నిలబడ్డట్టున్నది సార్" అన్నాడు. మొగులంటే మబ్బు. నేను ఇంగ్లీషులో చెబితే ఆవిడ పుస్తకంలో రాసుకుంది. "ఈయనకి చూడడం వచ్చు" అంది. నాకు చురుక్కుమంది. ముప్ఫై ఏళ్ళ సర్వీసు నాది, చూడడం వచ్చింది మాత్రం హెల్పరుకా!

నా వంతు వచ్చింది. కూర్చున్నాను, బయటికొచ్చాను. అందరూ వరండా నీలంగా ఉందంటున్నారు. నాకు మామూలుగానే ఉంది.

"అవునవును, నీలమే" అన్నాను.

నాకు తెలుసు

ఇక్కడ కాస్త ఆగి ఇంటి సంగతి చెప్పాలి. మేము అబుదాబీ పక్కన మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఉండేవాళ్ళం, మా ఆవిడా నేనూ. అప్పటికి కొన్నాళ్ళుగా మా ఆవిడ ఒకటే నస. "ఏవండీ, ఒక కాలికి నల్ల మేజోడు, ఇంకో కాలికి నీలం మేజోడు వేసుకుని ఆఫీసుకెళ్ళారు. నవ్విపోతారండీ నలుగురూ." ఎదురొచ్చే కార్ల లైట్లు పువ్వుల్లా విచ్చుకుని కనపడుతున్నాయని నేను డ్రైవింగ్ మానేసి కంపెనీ వ్యానెక్కడం మొదలుపెట్టాను. మా ఆవిడకి మాత్రం ట్రాఫిక్ ఎక్కువైందని చెప్పాను.

ఆసుపత్రి కార్డు జేబులోనే ఉంది. కంటి డాక్టరు మా ఇంటికి పది నిమిషాల దూరం. వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదంటే భయం. అరవై దాటాక మా వీసాలు ఎప్పటికప్పుడు కంపెనీ దయ మీద నడిచేవి. కరోనాలో ఎంతమంది సామాన్లు సర్దుకున్నారో కళ్ళారా చూశాను. కళ్ళు మసకేసిన లైటింగ్ సూపర్‌వైజరు ఎవరికి కావాలి? డాక్టరు దగ్గరికి వెళితే జబ్బుకి పేరు వస్తుంది. వెళ్ళకపోతే అది వట్టి అలసట. ఇలా నాకు నేను చెప్పుకుని ఏడాది గడిపేశాను. మీలో ఎవరైనా ఇలాంటి లెక్క వేసుకుంటూ ఉంటే ఈ కాగితం పక్కన పడేసి ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఎనిమిదో ముక్క

అసలు గది తయారైంది. గోడ వెనకాల దాచిన లైట్లు ముప్ఫై ఆరు ముక్కలు. లైట్లు ఒకే ఫ్యాక్టరీవైనా ఒక పెట్టెలోవి ఒకలా, ఇంకో పెట్టెలోవి ఇంకోలా వెలుగుతాయి. ఆ తేడా తెలియకుండా ప్రతి ముక్కనీ పక్కదానితో సరిపెట్టాలి. ఎరుపు కొంచెం తగ్గించి, నీలం కొంచెం పెంచి, ఇలా. సరిగ్గా అప్పుడే మరైకెకి వాళ్ళ దేశంలో ఇంకో ప్రదర్శన పని పడి రెండు వారాలు వెళ్ళాల్సి వచ్చింది.

వెళ్తూ వెళ్తూ నాతో అంది: "మీటరు వద్దు రాజూ. కంటితో చెయ్యి. ముక్కకీ ముక్కకీ మధ్య తేడా కనపడకూడదు. నీ కళ్ళ మీద వదిలేసి వెళుతున్నాను."

ఆ మాట అన్నప్పుడైనా నోరు విప్పాల్సింది. "తప్పకుండా మేడమ్" అన్నాను.

నర్సయ్యకి ఇచ్చిన మాట ప్రకారం ఈ పనికి అతన్నే తీసుకున్నాను. నేను గది మధ్యలో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటే, అతను నిచ్చెన మీద ఉండి ముక్క ముక్కకీ మూత సర్దుతూ వచ్చాడు. మూడో రోజు నిచ్చెన మీది నుంచి అన్నాడు:

"సార్, ఎనిమిదో పీసు కాడ నీలం మచ్చ కొడుతున్నది."

చూశాను. గోడంతా ఒకేలా ఉంది. "ఏం లేదు. కానీ."

"ఉన్నది సార్. జర ఇటు వచ్చి చూడుండ్రి."

వెళ్ళాను. ఏమీ లేదు. నా పాత మీటరు సంచిలోనే ఉంది. తీసి ఎనిమిదో ముక్క ముందు పెట్టాను, తొమ్మిదో ముక్క ముందు పెట్టాను. రెండు చోట్లా అదే అంకె. "చూడు. చదువుకో. రెండూ ఒకటే. ఇక నీ మచ్చ ఎక్కడుందో చెప్పు."

"మీటర్ల నంబర్ సరిగనే ఉన్నది సార్. గోడ మీదనే లేదు."

ఎంత సరైన మాటో చూడండి. ఆ మీటరు వెలుతురు ఎంతుందో చెబుతుందే గానీ రంగు చెప్పదు. అందులోనూ నీలాన్ని దాదాపు లెక్కలోకే తీసుకోదు. నీలం కాస్త ఎక్కువైనా అంకె కదలదు. ఈ సంగతి నేను పుస్తకంలో చదివినవాణ్ణే. నర్సయ్య చదవలేదు, చూశాడు. అక్కడ మీటరుకీ నీలం కనపడదు, నాకూ కనపడదు. ఒకరికొకరు సాక్ష్యం చెప్పుకున్నాం.

"నువ్వు నాకు నేర్పుతావా? నిన్ను టెక్నీషియన్ని చేద్దామని తీసుకొస్తే నాకే పాఠాలా? నిచ్చెనెక్కు ముందు" అని గట్టిగా అరిచాను. గుండ్రటి గది కదా, నా అరుపు నాకే నాలుగు వైపుల నుంచీ తిరిగి వినపడింది. నర్సయ్య నా మొహంలోకి కాసేపు చూశాడు. "సరే సార్" అని నిచ్చెనెక్కాడు. ఆ తర్వాత మచ్చ మాట ఎత్తలేదు.

ఉన్నమాటంటే ఉలుకెక్కువని ఊరికే అనలేదు పెద్దలు.

ఒక్క పేరు

మరైకె తిరిగొచ్చిన రోజు ముదీర్ కూడా ఉన్నాడు. ప్రారంభానికి వారం కూడా లేదు. ఆవిడ గదిలోకి వెళ్ళి, ఖాళీ పెయింటు డబ్బా బోర్లించి దాని మీద కూర్చుంది. పావుగంట సేపు గోడంతా చూసింది. నేనూ ముదీరూ గుమ్మం దగ్గర, నర్సయ్య మా వెనకాల తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ.

"మచ్చలున్నాయి" అంది చివరికి. "ఎనిమిది. పదిహేడు. అటు ఇరవై తొమ్మిది, ముప్ఫై. నీలం. ఇది ఎవరు చేశారు?"

ఆవిడ తిడుతున్నట్టు అడగలేదండీ. ఎలా జరిగిందో తెలుసుకుందామని అడిగింది. కానీ గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే స్థితి నాది. ముదీర్ నావైపు చూశాడు. ఆ ఒక్క క్షణంలో నా వీసా, మా ఇల్లు, విమానాశ్రయంలో సామాన్ల ట్రాలీ అన్నీ కళ్ళ ముందు తిరిగాయి.

"నర్సయ్య" అన్నాను. "కంట్రోలు పెట్టె దగ్గర వీడే ఉన్నాడు. సెట్టింగులు కదిపేసినట్టున్నాడు."

ఇంగ్లీషులోనే అన్నాను. అయితేనేం, తన పేరు ఎవరికి అర్థం కాదు? నర్సయ్య తువ్వాలు భుజాన వేసుకుని అలాగే నిలబడ్డాడు. కాదనలేదు. కనీసం నా వైపు కోపంగా చూసినా బాగుండేది.

ముదీర్ చెయ్యి ఊపాడు. "యల్లా, వీణ్ణి ఇక్కణ్ణించి తీసెయ్యండి. వీడికా టెక్నీషియన్ పరీక్ష? ఖలాస్."

మర్నాడు పొద్దున్నే నర్సయ్యని దేశానికి అటు కొసనున్న ఫుజైరా పంపేశారు. అక్కడ ఓడరేవులో, ఓడలకి చమురు నింపే చోట దీపస్తంభాల పని. పికప్ ఎక్కేముందు నా దగ్గరికి వచ్చి నా టెస్టరూ, మిగిలిన టేపు చుట్టా అప్పజెప్పాడు. "పైలం సార్" అన్నాడు, జాగ్రత్త అని. నేను తలొంచుకుని ఏదో కాగితం చూస్తున్నట్టు నటించాను. ఇంత సిగ్గుమాలిన పని నా జన్మలో ఇంకోటి చెయ్యలేదు.

ఇంకో రెండు కళ్ళు

నర్సయ్య వెళ్ళిపోయినా మచ్చలు వెళ్ళలేదు. మరైకె నన్ను పక్కన పెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టింది. ఆవిడ ఎనిమిదో ముక్కలో నీలం తగ్గిస్తూ, "ఇప్పుడు?" అంటుంది. "బాగుంది" అంటాను. ఇంకొంచెం మార్చి "ఇప్పుడు?" అంటుంది. "బాగుంది." అలా నాలుగైదుసార్లయ్యాక ఆవిడ చెయ్యి ఆగింది.

"రాజూ, ఇందాకటి నుంచి నేను దేన్నీ తగ్గించడం లేదు. పెంచుతున్నాను. గోడ ఇప్పుడు బాగా నీలంగా ఉంది."

ఆవిడ బోర్లించిన ఇంకో డబ్బా నావైపు తోసింది. కూర్చున్నాను.

"కళ్ళు ఎప్పుడు చూపించుకున్నావు?"

"చూపించుకోలేదు."

"నీకు తెలుసా?"

"తెలుసు" అన్నాను. ఆ మాట ఒక మనిషితో పైకి అనడం అదే మొదటిసారి. ఒకవైపు ఏడుపు వస్తోంది, ఇంకోవైపు బరువు దిగినట్టూ ఉంది.

ఆవిడ లాప్‌టాప్ మూసేసింది. "తప్పు నాది కూడా. కన్ను నమ్మదగింది కాదని ఊరూరా చెప్పుకు తిరిగేదాన్ని, అడక్కుండా నీ కళ్ళ మీద వదిలేసి వెళ్ళాను" అంది. అక్కడితో ఆపి ఉంటే నేను ఊరట పొంది ఇంటికి వెళ్ళిపోయేవాణ్ణి. ఆపలేదు. "కానీ రాజూ, నిచ్చెన మీద ఇంకో రెండు కళ్ళున్నాయి కదా. అవేమీ చెప్పలేదా?"

"చెప్పాయి" అన్నాను.

ఆవిడ ముదీర్‌తో ఏమీ అనలేదు. "అది నేను చెప్పేది కాదు, నువ్వు చెప్పేది" అంది. తనే మూడు రోజులు కూర్చుని ముప్ఫై ఆరు ముక్కలూ సరిచేసుకుంది. అనుకున్న రోజుకే గది తెరిచారు. పెద్దపెద్దవాళ్ళు వచ్చారు, చప్పట్లు కొట్టారు. నాకు శాలువా కప్పినంత పని చేశారు. నేను నోరు విప్పలేదు. అవును, అప్పుడు కూడా విప్పలేదు.

ఒక కన్ను

ప్రారంభమైన వారానికి కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. మలయాళీ అమ్మాయి. లోపలికి చూసి, "రెండు కళ్ళకీ శుక్లాలు ముదిరిపోయాయి. మీరేం పని చేస్తారు?" అని అడిగింది. "లైటింగ్" అన్నాను. ఆ పిల్ల పరికరం పక్కకి జరిపి నన్ను మళ్ళీ ఒకసారి చూసింది.

ముందు కుడికన్నుకి ఆపరేషన్ చేశారు. కట్టు విప్పాక ఇంట్లో కూర్చుని ఒక కన్ను మూసి ఒకటి తెరిచి చూసుకున్నాను. ఎడమకంటితో చూస్తే మా వంటింటి తలుపు టీ మరక పడ్డ గుడ్డలా ఉంది. కుడికంటితో చూస్తే తళతళా తెల్లగా ఉంది. మా ఆవిడ చీర నల్లదనుకున్నాను, నీలం. "ఇది ఎప్పుడు కొన్నావ్?" అంటే, "మీరే కొన్నారు, ఆరేళ్ళయింది" అంది.

ఆ వారమే మామూలు మనిషిలా టికెట్టు కొనుక్కుని ఆ గదిలోకి వెళ్ళాను. ఎడమకన్ను చేత్తో మూసుకుని ఇరవై నిమిషాలూ కూర్చున్నాను. లేచి బయటికొచ్చాను. వరండా అంతా నీలం. అబ్బ, ఎంత నీలమో! నమూనా గది ముందు నర్సయ్య, పెయింటరు, ఆఖరికి ఫోను చూసుకుంటున్న ముదీరు కూడా చూసిన నీలం. నేను అబద్ధం చెప్పిన నీలం. గోడకి ఆనుకుని నిలబడి ఏడ్చాను. అక్కడి సెక్యూరిటీ అమ్మాయి ఆ కళ వల్ల నాకు మనసు కరిగిందనుకుని నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

అక్కణ్ణించి నేరుగా ఆఫీసుకెళ్ళి ముదీర్‌కి ఉన్నదున్నట్టు చెప్పాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, నాకు తెలుసు.

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "పని అయిపోయింది, క్లయింటు సంతోషంగా ఉన్నాడు. ఇప్పుడెందుకు చెబుతున్నావు?"

"నర్సయ్యది తప్పు లేదని ఫైల్లో రాయండి. పరీక్షకి పిలవండి."

"రాయొచ్చు. పరీక్ష సంగతి అక్కడి సూపర్‌వైజరు చూసుకుంటాడు, అతను రాసిస్తే పిలుస్తాం." కుర్చీ ముందుకి జరుపుకుని, "నీ వీసా మాత్రం ఇక పొడిగించలేను. అర్థమైంది కదా?" అన్నాడు.

అర్థమైంది. ఏ భయంతో అంతా చేశానో అదే చివరికి జరిగింది. జరిగాక చూస్తే అంత పెద్ద భయమేమీ కాదు. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

ఫుజైరా

వెళ్ళిపోయే ముందు శుక్రవారం బస్సెక్కి ఫుజైరా వెళ్ళాను. కొండలు, క్వారీల దుమ్ము, తర్వాత సముద్రం. రేవు దగ్గరి కెఫెటీరియాలో నర్సయ్య కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. ఎండకి బాగా నల్లబడ్డాడు. రెండు టీలు చెప్పాడు. వద్దంటున్నా పరోటా కూడా తెప్పించాడు.

తిడతాడనుకున్నాను. తిడితే పడదామనే వెళ్ళాను. "నర్సయ్యా, నాకు కళ్ళు కనపడక నీ మీదకి తోశాను. మచ్చ నాది. ఇప్పుడు కంటికి ఆపరేషన్ చేయించుకున్నాను. ముదీర్‌కి చెప్పేశాను. నీకు చాలా అన్యాయం చేశాను, క్షమించు" అన్నాను. దారంతా కూర్చుకున్న మాటలు, గబగబా అప్పజెప్పేశాను.

నర్సయ్య టీ గ్లాసు కింద పెట్టాడు.

"నాకు ఎర్కనే సార్."

"ఏం తెలుసు?"

"మీకు నీలం అవుపడుతలేదని. మాల్ పని కాడనే ఎర్కైంది. మీరు నీలం వైరు పట్టుకొని నల్లదాన్ల కలుపవోయిండ్రు. నేను చెయ్యి అడ్డం పెట్టిన. మీరు నన్నే తిట్టిండ్రు, యాదికి లేదా?"

నాకు గుర్తు లేదు. తిట్టిన తిట్లన్నీ ఎవరికి గుర్తుంటాయి?

"గప్పటి సంది నీలం వైరుకు టేపు చుట్టుడు షురూ చేసిన. చేతికి తగిలితే తెలుస్తది గదా అని."

ఆ టేపు. కప్పుల పైన మసక చీకట్లో, తలెత్తి, రెండు చేతులతో వైర్లు కలిపిన రోజులన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఏ రోజు పొరపడినా ఏమయ్యేదో నాకు తెలుసు. ఇంత ఉపకారం చేసినవాణ్ణి పట్టుకుని, టేపు నీ మామగారు పంపిస్తున్నాడా అన్నాను నేను.

"మరి ఆ రోజు ముదీర్ ముందు ఎందుకు ఊరుకున్నావయ్యా? ఒక్క మాట అంటే సరిపోయేది కదా. నీ పరీక్ష పోయింది కదా!"

"అంటే మిమ్ముల ఇంటికి పంపుతుండిరి సార్. నన్నైతే ఇంకో సైటుకే పంపుతరు" అన్నాడు నర్సయ్య. ఏదో చిన్న లెక్క తేల్చినట్టు, అంత మామూలుగా.

పరోటా ముట్టుకోలేకపోయాను. నర్సయ్య చొక్కా జేబులో చెయ్యి పెట్టి రెండు వైరు ముక్కలు తీశాడు, వేలెడేసివి. బల్ల మీద నా ముందు పెట్టాడు.

"ఆపరేషన్ అయింది గద. ఏది నీలమో చెప్పుండ్రి సార్."

కుడిచేతి వైపుది చూపించాను.

"సరిగ్గ చెప్పిండ్రు!" అని పక్క బల్ల వాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా నవ్వాడు. నా కన్ను బాగైనందుకు నాకంటే ఎక్కువ సంతోషపడ్డాడు. "ఇగ టేపు అక్కర్లేదు."

నేను కాకినాడ వచ్చేసి రెండో ఏడు నడుస్తోంది. నర్సయ్య పండగలకి ఫోను చేస్తాడు. అక్కడి సూపర్‌వైజరు కొత్తవాడట, ఈసారి చూద్దాం, వచ్చేసారి చూద్దాం అంటున్నాడట. ఆ మాట చెప్పి నర్సయ్య వెంటనే నా కళ్ళెలా ఉన్నాయని అడుగుతాడు.

మీలో ఎవరైనా లైటింగ్ పనికి వెళ్ళి, ఎప్పుడైనా ఫుజైరా రేవులో పని పడితే, మెడలో తువ్వాలుతో నర్సయ్య అనే మనిషి కనిపిస్తాడు. అతను ఏదైనా తేడాగా ఉందంటే మీటరు సంచిలో పెట్టేసి అతను చెప్పినవైపు చూడండి. కార్డు మీద ఇంకా హెల్పరనే ఉంటుంది. ఆ మాట అక్కడ అలా ఉండిపోయింది నా వల్ల.